కొండవీటి కోట చరిత్రను సొంతంగా కూర్చుకోవడం ఎలా

గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు జాతీయ రహదారి మీద వెళ్ళేవారికి కుడిచేతి వైపున దూరంగా ఒక కొండల వరుస కనిపిస్తుంది. కొండవీటి కోట ఆ వరుస మీదే ఉంది. ఘాట్ రోడ్డు వేసిన తరువాత ఆదివారాల్లో కుటుంబాలతో అక్కడికి వెళ్ళేవారు బాగా పెరిగారు. వెళ్ళివచ్చినవారిలో చాలామంది ‘రెడ్డిరాజుల కోట చూసి వచ్చాం’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. అది అబద్ధమేమీ కాదు. అయితే రెడ్లు కొండవీటి నుంచి ఏలినది దాదాపు డెబ్బై ఏళ్ళు మాత్రమే. ఆ తరువాత కోట విజయనగరం, గజపతులు, గోల్కొండ, మొగలులు, నిజాము, ఫ్రెంచివారి చేతులు మారి 1788లో ఇంగ్లీషు కంపెనీకి దక్కేసరికి మరో మూడువందల అరవై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు మన కంటికి కనిపించే గోడల్లోనూ గుమ్మాల్లోనూ ఆ కాలమంతా కలగలిసి ఉంది. దానిని విడదీసి, ఏది ఎప్పటిదో, ఏ మాటకు ఏ ఆధారముందో ఎవరికి వారు తేల్చుకోవడానికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఇందుకు పురావస్తు శాస్త్రంలో పట్టా అక్కరలేదు. తెలుగు చదవడం, కాస్త లెక్క, కొంత ఓపిక ఉంటే చాలును.

ఈ పద్ధతికి ఆధారమైన సూత్రం ఒకటే. కోటకు మూడు రకాల సాక్షులున్నారు: రాయి, శాసనం, జనం చెప్పే కథ. ఒక్కొక్క సాక్షికి తెలిసిన సంగతి వేరు. కట్టుడు ఎలా జరిగింది, ఎన్నిసార్లు మరమ్మతు అయింది అన్నది రాయి చెప్పగలదు గాని, కట్టించినవాడి పేరు చెప్పలేదు. పేరూ తేదీ శాసనం చెబుతుంది గాని, ఓడిపోయినవాడి గోడును అది చెప్పదు. ఆ గోడు కథలో దొరుకుతుంది, కాని కథను సంవత్సరం అడిగి ప్రయోజనం లేదు. ఎవరిని ఏది అడగాలో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదట కాగితం మీద కాలక్రమం

కొండ ఎక్కడానికి ముందే ఒక కాగితం మీద పాలకుల వరుస రాసుకోవాలి. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ఆ తరువాత రెండేళ్ళకు, 1325 ప్రాంతంలో, ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా స్వతంత్రించాడు. రాజధానిని కొండవీటికి మార్చినది అతని కొడుకు అనవోతారెడ్డి (1353–64). అతని తరువాత తమ్ముడు అనవేమారెడ్డి (1364–86), అనవోతుని కొడుకు కుమారగిరిరెడ్డి (1386–1402), పెదకోమటి వేమారెడ్డి (1402–20), చివరగా రాచవేమారెడ్డి (1420–24). శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది పెదకోమటి వేముని కొలువులో. ఎఱ్ఱాప్రగడ ప్రోలయ వేముని కాలంవాడు కాబట్టి, ఆయన కొండవీటి రాజసభలో పద్యాలు చదివాడని ఎవరైనా చెబితే, కాగితం చూసుకుని అది అద్దంకి కాలపు సంగతి అని సరిదిద్దుకోవచ్చు. కాలక్రమం దగ్గర పెట్టుకుంటే ఇలాంటివి చిటికెలో తేలిపోతాయి.

రెడ్ల తరువాత మూడు దశాబ్దాలు విజయనగరానికీ ఒడ్డె (ఒడిశా) రాజులకూ మధ్య పోటీ నడిచి, 1454 ప్రాంతానికి కోట కపిలేంద్ర గజపతి వశమైంది. 1515లో శ్రీకృష్ణదేవరాయల సేన గజపతుల నుంచి దానిని గెలుచుకుంది. 1579లో గోల్కొండ కుతుబ్‌షాహీలకు స్థిరంగా చిక్కి, ముర్తజానగరం అన్న కొత్త పేరు పెట్టించుకుంది. 1687లో గోల్కొండతో పాటు ఔరంగజేబు ఏలుబడిలోకి పోయింది. 1750వ దశకంలో కొంతకాలం ఫ్రెంచివారి కింద ఉంది. ఆ పైన గుంటూరు సర్కారు, అంటే కొండవీడు ఉన్న అప్పటి జిల్లా, నిజాము తమ్ముడు బసాలత్ జంగ్ జీవితకాలమంతా అతని చేతిలో ఉండి, అతడు 1782లో పోయిన తరువాత, 1788లో కంపెనీకి సంక్రమించింది. ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకోవాలి. కొండమీద సిగ్నల్ మీద ఆధారపడటం మంచిది కాదు.

శాసనంలోని తేదీని మార్చుకోవడం

శాసనాల్లో క్రీస్తుశకం ఉండదు. ‘స్వస్తిశ్రీ’ అని మొదలై, శాలివాహన శక వర్షం, ఆ సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం వరుసగా వస్తాయి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. పుష్యం నడుమ నుంచి ఫాల్గుణం దాకా ఉన్న తేదీలకు మాత్రం 79 కలపాలి, ఎందుకంటే అప్పటికి జనవరి దాటిపోతుంది.

ఇక్కడితో ఆగితే చాలదు. శక సంఖ్యలో ఒక్క అంకె అరిగిపోయినా, చదివినవారు పొరబడినా లెక్క మొత్తం తప్పుతుంది. దానిని సరిచూసుకోవడానికి సంవత్సరం పేరు ఉపయోగపడుతుంది. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించగా మిగిలిన శేషమే ప్రభవ మొదలుగా లెక్కించవలసిన సంఖ్య. శేషం సున్న వస్తే చివరిదైన అక్షయ. ఉదాహరణకు శక 1437 తీసుకుందాం. 12 కలిపితే 1449; 60తో భాగిస్తే శేషం 9; ప్రభవ, విభవ అని లెక్కపెట్టుకుంటూ పోతే తొమ్మిదవది యువ. మంగళగిరిలోని శాసనస్తంభం కొండవీటిని గెలిచిన తేదీని యువ సంవత్సర ఆషాఢ శుద్ధ హరివాసరం, శనివారం అని చెబుతుంది. అంకె, పేరు కలిశాయి కనుక చదివినది సరైనదే. హరివాసరం అంటే ఏకాదశి. ఆ రోజు 1515 జూన్ 23.

ఇప్పుడు వారం కూడా సరిచూద్దామని ఫోనులో క్యాలెండరును 1515 దాకా వెనక్కి జరిపితే ఆ తేదీ బుధవారం అని కనబడి కంగారు పెడుతుంది. శాసనం తప్పు కాదు. 1582 అక్టోబరుకు ముందు చరిత్ర గ్రంథాలు వాడే తేదీలు జూలియన్ పద్ధతివి. ఫోను మాత్రం ఇప్పటి గ్రెగోరియన్ పద్ధతినే వెనక్కి పొడిగించి చూపిస్తుంది. ఆ కాలానికి రెంటికీ తేడా పది రోజులు. కాబట్టి ఫోనులో జూలై 3 చూడాలి, అది శనివారమే. ఐదు వందల ఏళ్ళ శాసనాలను ఇంట్లో కూర్చుని సరిచూడగలగడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

కొన్ని సంస్కృత శాసనాల్లో అంకెలు అంకెలుగా ఉండవు, మాటలుగా ఉంటాయి. ఇందు అంటే 1, రామ అంటే 3, వేద అంటే 4, అద్రి అంటే 7. ‘అద్రి రామ వేద ఇందు’ అని ఉంటే అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చాలి, అంటే 1437. తెలుగు అంకెలున్న చోట మరొక జాగ్రత్త అవసరం. పాత రాతలో ‘ధర్మ’ అన్న మాటను ‘ధమ౯’ అని, రేఫను వలపల గిలకగా పక్కన పెట్టి రాసేవారు. ఆ గిలక అచ్చంగా తెలుగు తొమ్మిదిలా ఉంటుంది. మాట మధ్యలో తొమ్మిది కనబడితే అది అంకె కాదని గుర్తుపెట్టుకోవాలి.

కోట కంటే ముందు చుట్టుపక్కల ఊళ్ళు

నా ఉద్దేశంలో ఈ మొత్తం పనిలో అసలైన భాగం ఇదే. కోట చరిత్ర కోటలో తక్కువగానూ, కోట చుట్టూ ఉన్న ఊళ్ళలో ఎక్కువగానూ ఉంది. కారణం కష్టమైనదేమీ కాదు: శాసనం వేసేది దానానికి, దానం ఇచ్చేది గుడికో చెరువుకో అగ్రహారానికో, ఇవన్నీ పొలాలున్న చోట ఉంటాయి గాని సైన్యం కాపలా ఉన్న బండ మీద ఉండవు. అందువల్ల కొండ ఎక్కడానికి ముందే కనీసం ఫిరంగిపురం, అమీనాబాదు, మంగళగిరి శాసనాల అచ్చుప్రతులు చదివి ఉండాలి. దక్షిణ భారత శాసన సంపుటాల్లో, ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాల్లో ఈ ప్రాంతపు శాసనాలు ఉన్నాయి. గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం, విజయవాడలో రామమోహన గ్రంథాలయం, వేటపాలెంలో సారస్వత నికేతనం పాత పుస్తకాల కోసం వెళ్ళదగిన చోట్లు.

గుంటూరు–నరసరావుపేట దారిలో ఉన్న ఫిరంగిపురం శాసనం శక 1331 నాటిది, అంటే 1409. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ సంతానసాగరం అన్న చెరువును తవ్వించిన సంగతి అందులో ఉంది. దానిని రచించినది వేమభూపతి విద్యాధికారి శ్రీనాథుడని శాసనమే చెబుతుంది. పైన చెప్పిన లెక్క ఇక్కడ వేసి చూడండి: 1331కి 12 కలిపితే 1343, శేషం 23, విరోధి. దాని పక్కన అమీనాబాదు శాసనాన్ని పెట్టి చదవాలి. అది శక 1337 నాటిది, అంటే 1415, మన్మథ. రాచవేమారెడ్డి జగనొబ్బగండ కాలువ తవ్వించి అదే సంతానసాగరానికి నీరు పారించాడని అందులోని విషయం. తల్లి చెరువు తవ్వించింది, ఆరేళ్ళకు కొడుకు దానికి కాలువ తెచ్చాడు. దీనిని బట్టి కొండమీది రాజులకు కొండ కింది నీటితో ఎంత పని ఉండేదో తెలుస్తుంది. కోటలోని దండుకు తిండి ఎక్కడి నుంచి వచ్చేదో కూడా ఊహించవచ్చు. ఇదే రాచవేముడు జనం నోళ్ళలో పురిటి సుంకం వేసిన దుర్మార్గుడిగా మిగిలిపోయాడు; ఆ కథ సంగతి తరువాత.

మంగళగిరి శాసనాన్ని చదివేటప్పుడు ఎవరి పేరిట విజయం చెప్పబడిందో గమనించాలి. అది కొండవీటిని గెలిచిన ఘనతను మంత్రి సాళువ తిమ్మరుసుకు ఇస్తుంది. రాయల ప్రశస్తిగా వేసిన ఇతర శాసనాల్లో మాత్రం ఉదయగిరి మొదలుకొని అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, కొండవీడు వంటి దుర్గాలన్నీ రాజే గెలిచినట్టు వస్తుంది. రెంటిలో ఏదీ అబద్ధం కానక్కరలేదు. శాసనం వేయించినవాడు ఎవరి మనిషి, ఎవరి మెప్పు కోరి వేయించాడు అన్న ప్రశ్న వేసుకుంటే తేడా దానంతట అదే విడిపోతుంది.

వీలైతే మోటుపల్లి కూడా ఈ వరుసలో చేర్చాలి. కాకతి గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయమిస్తూ అక్కడ శాసనం వేయించాడు; 1358లో అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు సుంకాల సడలింపులిస్తూ మరొక శాసనం వేయించాడు. కొండమీద రాజధాని పెట్టుకున్నవాడు కొద్ది ఏళ్ళకే రేవు సంగతి చూసుకున్నాడంటే, కోట గోడలకు డబ్బు ఎక్కడి నుంచి రావాలో అతనికి బాగా తెలుసునన్నమాట.

కొండ ఎక్కిన తరువాత

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. గుంటూరు వేసవిలో మధ్యాహ్నం ఆ బండల మీద నిలబడటం ప్రమాదం. వానాకాలంలో పాకుడు పట్టిన మెట్లు మరొక రకంగా ప్రమాదం. తాగునీరు, కొలిచే టేపు, చిన్న స్కేలు, టార్చిలైటు, నోటుపుస్తకం వెంట ఉండాలి. ఘాట్ రోడ్డున పైకి వెళ్ళినా, ఒకసారైనా పాత కాలిదారి వెంట కొంత దూరం నడవడం అవసరం, ఎందుకంటే కోటను కట్టినవారు శత్రువు ఆ దారినే వస్తాడనుకుని కట్టారు. కారు దిగి చూసేవారికి గోడ ఎందుకు అక్కడ మలుపు తిరిగిందో అర్థం కాదు.

పైన మొట్టమొదట వెతకవలసినది నీరు. కొండవీటి మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులున్నాయి. ప్రతి చెరువు దగ్గరా కట్ట ఎటు ఉంది, రాతి కట్టుడు ఏ వైపున ఉంది, అలుగు ఎటు పారుతుంది, ఆ పారిన నీరు కిందికి జారిపోతుందా, మరొక చెరువులోకి చేరుతుందా అని చూసి చిన్న పటం గీసుకోవాలి. ముట్టడిలో చిక్కిన కోట లొంగేది ఆకలికీ దాహానికీ. నీటికి దగ్గరగా ఏ కట్టడాలను పెట్టారో, దూరంగా వేటిని పెట్టారో చూస్తే, పేరు తెలియని శిథిలం కూడా గుర్రాల కొట్టమా, ధాన్యపు కొట్టా, నివాసమా అన్న విషయంలో మంచి ఊహ చేయవచ్చు. స్థానికులు ఒక కట్టడాన్ని నేతి కొట్టు అంటారు. అలాంటి పేర్లను రాసుకోవాలి, కాని పేరునే రుజువుగా తీసుకోకుండా లోపలి గోడకు పూత ఉందా, గాలి ఆడే కంతలున్నాయా, గడప ఎంత ఎత్తున ఉంది అని చూడాలి.

ఆ తరువాత దర్వాజాలు. కొలెపల్లి దర్వాజా, నాదెళ్ళ దర్వాజా అని రెండు ద్వారాలు ప్రసిద్ధం. ద్వారం దగ్గర నిలబడి తొందరపడకుండా చూడవలసినవి చాలా ఉన్నాయి. నిలువు స్తంభాల మీద అడ్డంగా ఒకే రాతి దూలం పెట్టి కట్టారా, కమాను తిప్పారా? తలుపు కుదురు తిరిగిన గుంట గడపలో ఎక్కడుంది? ఆ గుంట అంచు ఒక వైపే నున్నగా అరిగి ఉంటే తలుపు ఎటు తెరుచుకునేదో తెలుస్తుంది. అడ్డగడియ దూర్చే రంధ్రం ఎంత లోతుంది? లోపలికి వెళ్ళే దారి నేరుగా ఉందా, మెలిక తిరిగిందా? మెలిక ఉంటే పరుగున వచ్చే ఏనుగుకూ గుర్రానికీ అక్కడ ఊపు పోతుంది.

గోడల విషయంలో ఒక మోటు సూత్రం పనికివస్తుంది. పెద్ద పెద్ద రాళ్ళను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి అమర్చిన వరుసలు సాధారణంగా అడుగున ఉంటాయి. వాటి మీద చిన్న రాళ్ళతో డంగు సున్నం పట్టించి లేపిన భాగం తరువాతిది. అన్నిటికన్నా పైన తుపాకులకు కంతలు వదిలిన పిట్టగోడ ఉంటే అది ఇంకా తరువాతి కాలపు పని. అంటే ఒకే గోడలో కిందినుంచి పైకి రెండు మూడు వందల ఏళ్ళు పేరుకుని ఉండవచ్చు. అయితే కమాను కనబడగానే తురుష్కుల కట్టడమని రాసుకోకూడదు. హంపీలో విజయనగరపు రాజులే తమ కమలమహలుకు కమానులు తిప్పించుకున్నారు. గోడలో గుడి స్తంభం ముక్కో, పువ్వు చెక్కిన రాయో తలకిందులుగా ఇమిడి ఉంటే, ఆ భాగం ఆ గుడి పడిపోయిన తరువాత కట్టినదన్నంత వరకే చెప్పగలం. ఎవరు పడగొట్టారో ఆ రాయి చెప్పదు. గుడి దానంతట అది కూలి ఉండవచ్చు కూడా. ఈ విషయంలో కొండమీదికి వచ్చేవారు చాలా తొందరపడుతున్నారు.

గోడ పక్కన ఉన్న బండలను కూడా ఒక చూపు చూడాలి. బండ అంచున బెత్తెడు బెత్తెడు దూరంలో, ఒకే వరుసలో తొలిచిన గుంటలు కనబడతాయి. వాటిలో మేకులు దిగగొట్టి బండను చీల్చేవారు. కొన్నిచోట్ల సగం గుంటలే తొలిచి వదిలేసిన వరుసలుంటాయి. గోడలోని రాళ్ళ అంచుకు కూడా అవే అరగుంటలు ఉంటే, రాయిని కింది నుంచి మోసుకురాలేదని, అక్కడికక్కడే చీల్చి వాడారని తేలుతుంది. ఇటీవల మరమ్మతు చేసిన భాగాలను ముందే వేరుచేసి గుర్తు పెట్టుకోవాలి. సిమెంటు పూత, యంత్రంతో కోసిన నునుపైన అంచు ఉంటే అది మన కాలపుదే.

ఎక్కడైనా అక్షరాలు కనబడితే వాటి మీద సుద్ద, నూనె, పసుపు, రంగు ఏదీ రుద్దకూడదు. ఉదయం ఎనిమిది లోపునో, సాయంత్రం పొద్దు వాలినప్పుడో ఎండ పక్క నుంచి పడుతుంది. అప్పుడు అరిగిన అక్షరం కూడా నీడతో పైకి లేస్తుంది. నీడలో ఉన్న రాయికి టార్చిలైటును రాతికి ఆనించినంత దగ్గరగా, పక్క నుంచి వేసి, మరొకరు ఫొటో తీయాలి. నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు తీస్తే ఒకదానిలో పోయిన గీత మరొకదానిలో దొరుకుతుంది. స్కేలు ఫొటోలో కనబడాలి. తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తీసే పని పురావస్తు శాఖవారిది. మనం దాని జోలికి పోకూడదు.

కథలను ఎలా వాడుకోవాలి

కథలను కొట్టిపారేసేవారూ, ఉన్నదున్నట్టు నమ్మేవారూ ఇద్దరూ నష్టపోతారు. రాచవేమారెడ్డి పురిటి సుంకం వేశాడని, అది భరించలేక సవరం ఎల్లయ్య అతనిని పొడిచి చంపాడని కథ. ఆ సుంకానికి శాసనాధారం వెతకడం కంటే, 1424లో వంశం తెగిపోయిన తీరును జనం ఎలా అర్థం చేసుకున్నారన్నదానికి ఆ కథను వాడుకోవడం మేలు. యుద్ధాలతో ఖజానా ఖాళీ అయిన రాజ్యంలో పన్నుల బరువు పెరిగిందన్న జ్ఞాపకం అందులో ఉండవచ్చు.

కొండ కింద కత్తుల బావి కథ ఇంకా ఆసక్తికరమైనది. గోపీనాథస్వామి గుడి దగ్గరికి 72 మంది నాయకులను పిలిపించి, ఒక్కొక్కరినే లోపలికి రప్పించి, కత్తులు నింపిన బావిలో పడేలా చేసి చంపించారని చెబుతారు. ఎవరు ఎవరిని చంపించారన్నది చెప్పేవారిని బట్టి మారుతుంది. 72 మాత్రం మారదు. రాజు కొలువులోని ఉద్యోగాలను బాహత్తర నియోగాలని, అంటే 72 అని లెక్కపెట్టడం మన పాత అలవాటు. కాబట్టి ఆ అంకెను తలల లెక్కగా కాక, ‘నాయకులందరూ’ అన్న అర్థంలో తీసుకోవడం సమంజసం. ఒక కథ నాలుగు రూపాల్లో దొరికినప్పుడు నాలుగింటినీ, చెప్పినవారి ఊరు, సుమారు వయసులతో సహా విడివిడిగా రాసుకోవాలి. కలిపి ఒకటిగా కుట్టేస్తే ఆ తరువాత ఎవరూ విడదీయలేరు.

వేమన మంటపం గురించి కూడా కొండమీద చెబుతారు. వేమన కొండవీటి రెడ్డి రాజుల వంశంవాడని ప్రతీతి. వేమన 17వ శతాబ్దంవాడని ఎక్కువమంది పండితులు భావిస్తారు, కొండవీటి రాజ్యమేమో 1424తో ముగిసింది. మన కాగితం జేబులో ఉంది కదా, తేడా దానిలోనే కనబడుతుంది.

నోటి కథకూ రాతకూ మధ్య కైఫియత్తులున్నాయి. కల్నల్ కాలిన్ మెకంజీ 19వ శతాబ్దం మొదట్లో, కావలి సోదరుల సాయంతో, ఊరూరి కరణాల దగ్గర నుంచి చరిత్రలు రాయించి తెప్పించాడు. అవి చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. చాలా భాగం అచ్చయ్యాయి. కొండవీటికి దండకవిలె (కరణాల పాత లెక్కల పుస్తకం) కూడా ఉంది. వీటిని చదివేటప్పుడు కరణం ఎందుకు రాస్తున్నాడన్నది మరువకూడదు. తమ మిరాశీ (వంశపారంపర్య) హక్కు పాతదని తెల్లదొరకు నిరూపించాలన్న ఆత్రుత ఆ రాతలో ఉంటుంది. అందువల్ల చెరువులు, పొలిమేరలు, ఇనాములు, తన తాత కాలపు దోపిడీలు, కరువుల గురించి అతడు చెప్పేది చాలావరకు నమ్మదగినది. నాలుగు వందల ఏళ్ళ కిందటి రాజుల పాలన ఏళ్ళ లెక్క అంత నమ్మదగినది కాదు. ఒక వైశ్యుని పరుసవేది రెడ్డి ఇంటికి చేరడం, ఆ వైశ్యుడు ప్రాణం పోగొట్టుకుని తన పేరు మీ వంశంలో నిలపమని కోరడం వంటి కథ, వంశంలో వేముడు, కోమటి అన్న పేర్లు పదేపదే రావడానికి జనం చెప్పుకున్న సమాధానం. ఆ కోణంలో చదివితే బాగుంటుంది.

సరిపోల్చడానికి కొండపల్లి

విజయవాడవారికి కొండపల్లి దగ్గర. కొండవీడు చూసిన కొద్ది రోజుల్లోనే అది కూడా చూస్తే తేడా బాగా పట్టుబడుతుంది. దానిని కట్టినది కూడా కొండవీటి రెడ్లేనని చెబుతారు. అది 1515 దండయాత్రలోనే రాయల వశమై, 1531లో సుల్తాన్ కులీ కుతుబ్‌షాకు, 1687లో ఔరంగజేబుకు చిక్కి, 1766 మార్చి 10న జనరల్ కైలాడ్ దాడితో ఇంగ్లీషువారిదైంది. కంపెనీ సైన్యం అక్కడ చాలాకాలం మకాం పెట్టింది. కొండవీటిలో లేని చివరి పొర, అంటే కంపెనీ సిపాయిల కాలపు కట్టుడు, అక్కడ వెతకవచ్చు. దర్గా దర్వాజా, గోల్కొండ దర్వాజా చూసి, తానీషా మహలులో గచ్చు పూత, గూళ్ళు, మేడ అంతస్తు చూసి వస్తే, కొండవీటిలో మొండిగోడగా మిగిలిన కట్టడం ఒకప్పుడు ఎలా ఉండి ఉంటుందో కొంత ఊహకు అందుతుంది.

చేయకూడని పనులు, చివరికి మిగిలే పని

ఈ కోటలకు ఫిరంగుల వల్ల కలిగిన నష్టం కన్నా గుప్తనిధుల పిచ్చి వల్ల కలిగిన నష్టం తక్కువేమీ కాదు. గర్భగుడుల్లో, స్తంభాల మొదళ్ళలో తవ్విన గుంటలు కొత్తగా కనబడితే ఫొటో తీసి పోలీసులకో పురావస్తు శాఖకో తెలపాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన విలువైన వస్తువును కలెక్టరుకు తెలియజేయకపోవడం నేరం. పెంకు ముక్కను కూడా జేబులో వేసుకు రాకూడదు. ఉన్నచోట ఉంటేనే దానికి విలువ. ఎక్కడా అచ్చు కాని శాసనం కనబడిందనిపిస్తే, ముందు పాత సంపుటాల్లో ఆ ఊరి పేరిట వెతికి, లేదని తేలాక ఫొటోలు, దారి గుర్తులతో శాఖకు రాయాలి.

రాసుకున్నదానిని శుద్ధప్రతిగా కూర్చేటప్పుడు ప్రతి వాక్యం పక్కనా అది రాతి సాక్ష్యమా, శాసనమా, కైఫియత్తా, నోటి మాటా అని ఒక్క అక్షరం గుర్తు పెట్టండి. అలా గుర్తు పెట్టలేని వాక్యం ఎంత అందంగా ఉన్నా తీసేయండి. ఆ తరువాత చేయదగిన పని ఒకటి మిగిలి ఉంటుంది. ఫిరంగిపురం, అమీనాబాదు రెవెన్యూ గ్రామపటాలు సంపాదించి, చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు అని గుర్తించిన సర్వే నంబర్లకు రంగు వేసి, సంతానసాగరం ఎక్కడ ఉండదగినదో, జగనొబ్బగండ కాలువ ఏ పల్లం వెంట రాదగినదో శాసనంలోని మాటలతో పోల్చి చూడాలి. వానలు వెలిసి పంటలు ఇంకా ఎదగని రోజుల్లో, ఆ ఊరి పెద్ద రైతు ఒకరిని వెంటబెట్టుకుని ఆ పల్లం వెంట నడిస్తే, పటంలో లేని పాత కట్టలు, పూడిపోయిన తూములు ఆయనే చూపిస్తారు.